అచ్చుకెక్కని చదువు

పాతకాలపు చదువును గూర్చి మాట వచ్చినప్పుడు మన పెద్దలకు మొట్టమొదట జ్ఞాపకం వచ్చేది వీధిబడి. అరుగుమీద పంతులుగారు, ఎదుట పరచిన ఇసుక, వేలితో దిద్దే ఓనమాలు, సాయంకాలం బడి విడిచేముందు గొంతులు కలిపి వల్లించే ఎక్కాలు, తప్పు చేసినవాడికి కోదండం—ఇవన్నీ ఎందరో స్వీయచరిత్రలలో వ్రాసుకున్నారు. వ్రాయనివారు మనుమలకు చెప్పుకున్నారు. ఆ బడులు పోయి చాలకాలమైనా వాటి జ్ఞాపకం మాత్రం పోలేదు.

మన సముద్రతీరాన ఆ కాలంలోనే మరొక బడి ఉండేది. దానికి అరుగు లేదు; పంతులని పిలిపించుకున్న మనిషి లేడు; అసలు దానిని బడి అని ఎవరూ అనలేదు. ఊరి చివర, చెట్టు నీడనో తాటాకు పందిరి క్రిందనో, పడవలు కట్టే చోటు అది. అక్కడ చేరిన పిల్లవాడు తాడు పట్టుకొని నిలబడటంతో చదువు ప్రారంభించేవాడు. నడివయస్సు వచ్చేనాటికి కాగితంమీద ఒక్క గీత గీయకుండానే, సముద్రంమీద మనుషుల ప్రాణాలు నిలిపే పడవను కట్టగలిగేవాడు. పదేపదే దిద్దడం, వల్లించడం, పెద్దవాడి వెనుక చిన్నవాడు నడవడం వీధిబడికి ఎట్లా ప్రాణమో, ఈ ఒడ్డుబడికీ అట్లాగే ప్రాణం.

రెండింటికీ పోలికలు చాల ఉన్నవి. భేదం మాత్రం ఒక్కటే ఉన్నది. చూడటానికి అది చిన్నదే. దాని ఫలితం మాత్రం పెద్దది. వీధిబడి చదువు కాలక్రమాన అచ్చుకెక్కినది. ఒడ్డుబడి చదువు ఎక్కలేదు. ఈ వ్యాసం ఆ భేదాన్ని గూర్చి.

శ్రీ, చుక్క

మన వీధిబడిని గూర్చి నమ్మదగిన లెక్కలు కొన్ని దొరుకుతున్నవి. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని కలెక్టర్లందరినీ దేశీయమైన బడుల వివరాలు పంపమని ఆజ్ఞాపించాడు. అవి చేరిన పిమ్మట 1826 మార్చిలో ఆయన లెక్క తేల్చాడు. మద్రాసు రాజధాని మొత్తంలో బడులు 12,498, చదువుకొనే పిల్లలు 1,88,650 మంది, జనసంఖ్య 1,28,50,941. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. దొరతనంవారు పైసా ఇవ్వకుండా, ఊళ్ళు తమంతట తాము పోషించుకున్న బడులివి.

ఆ కలెక్టర్లలో ఏ.డి. క్యాంబెల్ అనే ఆయన మనకు ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకోదగినవాడు. తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వ్రాసి 1816లో ప్రకటించినవాడు ఆయనే. బళ్ళారి కలెక్టరుగా 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదికలో అంకెలతోబాటు బడి బ్రతుకు కూడ ఉన్నది. ఆ జిల్లాలో ఆనాడు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందులో తెలుగు చెప్పేవి 226. పిల్లలు తెల్లవారుజామునే బడికి చేరవలెను. మొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాడికి సున్న, అంటే పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడవవాడు మొదలుకొని వచ్చిన వరుసను బట్టి బెత్తపుదెబ్బలు పెరుగుతూ పోయేవి. మన పెద్దలు 'శ్రీ, చుక్క' అని చెప్పుకొనే ఆచారం ఇదే. శ్రీ దక్కాలని చీకటితోనే లేచి పరుగెత్తిన పిల్లల కథలు తెలుగుదేశంలో ఏ మూలకు పోయినా వినిపిస్తవి.

ఆ బడిలో మొదటి పలక ఇసుక. వేలు ఇసుకలో నడచి నడచి అక్షరపు వంపు చేతికి పట్టిన తర్వాతనే తాటియాకు, గంటం. ముందు చేయి నేర్చుకొనేది, కన్ను తర్వాత, నోరు వాటికి తోడు. తరగతులు లేవు. ముందు నేర్చినవాడు వెనుకవాడికి చెప్పేవాడు. పంతులుగారు అందరినీ కనిపెట్టి ఉండేవారు. ఈ పద్ధతి ఎంత గట్టిదో పరదేశి ఒకడు ముందుగా గుర్తించాడు. 1789లో మద్రాసులో అనాథ బాలుర పాఠశాల బాధ్యత వహించిన ఆండ్రూ బెల్, ఒకనాడు వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూశాడు. దానిని తన పాఠశాలలో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించి, 1797లో ఆ అనుభవాన్ని లండనులో పుస్తకంగా అచ్చువేశాడు. దాని పేరే 'మద్రాసు పద్ధతి'. మన అరుగుమీది చదువు ఆ విధంగా ఇంగ్లండులోని బీదపిల్లల బడులకు పాఠం చెప్పినది.

అయితే ఈ బడిని మరీ బంగారు పూతతో చూడరాదు. ఆడపిల్లలు అక్కడ చాల అరుదు. అస్పృశ్యులని ముద్రపడిన కులాలవారికి అరుగు దాపులకు రావడమే కష్టం. నెలజీతం ఇచ్చుకోలేక ఎందరో తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపలేకపోతున్నారని క్యాంబెల్ స్వయంగా వ్రాశాడు. తీరగ్రామాలలో జాలరి వాడ పిల్లలకైతే మరొక చిక్కు. పంతులుగారు 'శ్రీ' వ్రాసే వేళకు వారు వల లాగుతూ ఉంటారు. ఆటుపోట్లు బడిగంటకు కట్టుబడేవి కావు. అందుచేత వారి చదువు ఒడ్డుననే జరిగినది.

తీరాన్ని బట్టి పడవ

ఆ చదువులో మొదటి పాఠం భూగోళం. ఏ తీరానికి ఏ పడవ అన్నది తెలియనివాడు బాడిస పట్టడానికి అర్హుడు కాడు.

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలు బాహాటంగా సముద్రానికి ఎదురొడ్డి ఉన్నవి. కెరటాలు ఒడ్డుకు దగ్గరగా లేచి, విరిగి, బలంగా మోదుతవి. చాటు ఇచ్చే రేవులు చాల తక్కువ. విశాఖపట్నంలో పెద్ద ఓడలకు హార్బరు తెరచినది 1933లో మాత్రమే. ఇట్టి చోట లోతైన అడుగు ఉన్న పడవ నిలువదు. అందుచేత అక్కడివారు తెప్పను నమ్ముకున్నారు. తేలికైన కొయ్యదుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి బిగించినదే తెప్ప. దానికి లోపలి బోలు లేదు కాబట్టి నీరు నిండి మునిగేదీ లేదు. పైకి వచ్చిన కెరటం దుంగల సందులనుండి జారిపోతుంది. తిరిగి వచ్చిన తర్వాత దుంగలను విడదీసి ఇసుకమీద ఆరవేయవచ్చును. నానిన కొయ్య బరువెక్కుతుంది, బరువెక్కినది సరిగా తేలదు అన్న సూత్రం జాలరి పిల్లవాడికి ఆర్కిమిడీజు పేరు వినకముందే తెలుసు. తమిళుల 'కట్టుమరం' ఇంగ్లీషులోకి పోయి 'కాటమరాన్' అయి, ప్రపంచమంతటా చలామణీ అవుతున్నది. మన తెప్ప దాని తోబుట్టువు.

పెద్ద వల వేయడానికీ, దూరాన లంగరు దించిన ఓడలనుండి సరకు దింపడానికీ తెప్ప చాలదు. దానికి కుట్టుపడవ కావలెను. ఇంగ్లీషువారు 'మసూలా' అని పిలిచిన పడవ ఇదే. దీనిలో ఇనుపమేకు ఒక్కటి ఉండదు. పలకల అంచులవెంట రంధ్రాలు తొలిచి, సందుమీద కొబ్బరిపీచో గడ్డియో దట్టించి, కొబ్బరితాటితో పలకను పలకకు కుట్టివేస్తారు. లోపల ప్రక్కటెముకల వంటి కొయ్యలు కూడ ఉండవు. ఇంత పెద్ద పడవను గుడ్డ కుట్టినట్లు కుట్టడమేమని కొత్తవారు నవ్వేవారు. కాని దానిలో గొప్ప తెలివి ఉన్నది. మేకులతో బిగించిన పడవను కెరటం ఎత్తి ఇసుకమీద పడవేస్తే, ఆ దెబ్బ అంతా ఒక్కచోట తగిలి పలక పగులుతుంది. కుట్టుపడవ వంగుతుంది, సడలుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. సముద్రంతో మొండిగా పోరాడక, దానికి కొంత ఇచ్చి తన ప్రాణం దక్కించుకుంటుంది.

దక్షిణంగా కాకినాడకు వచ్చేసరికి దృశ్యం మారిపోతుంది. హోప్ ఐలండు అనే ఇసుకదిబ్బ అడ్డుగా ఉండటంచేత అక్కడి అఖాతం శాంతంగా ఉంటుంది. నీరు లోతు తక్కువ, అడుగున బురద. అందుచేత అక్కడ వెడల్పైన చదునైన అడుగుగల నావ పుట్టినది. పలకలను మేకులతో బిగించి, సందులలో పీచు కూరి, గుగ్గిలం నూనెతో కలిపి పూస్తారు, తెరచాప ఎత్తుతారు. ఇంకా లోపలికి, గోదావరి పాయలలోకి పోతే సన్నని దోనెలు. ముందు భాగం చెప్పు ఆకారంలో ఉండే దోనెను దొరలు 'షూ దోనీ' అనే వ్రాసుకున్నారు. ఈ విధంగా నూరు మైళ్ళ దూరంలోనే కెరటం మారితే పడవ మారినది. ఒక చోటి పడవను మరొక చోట దింపితే ప్రాణాపాయం. ఒడ్డుబడిలో తప్పు చేసినవాడికి కోదండం లేదు. ఆ శిక్ష సముద్రమే వేసేది, అదీ పడవ కట్టినవాడికి గాక పడవ ఎక్కినవాడికి.

అందుకనే ఆ చదువు అంత నిదానంగా సాగేది. పిల్లవాడు ముందు పీచు విడదీసి తాడు పేనేవాడు. తర్వాత గుగ్గిలం కాచేవాడు. పలకకు సొరచేపనూనె పట్టించేవాడు. కొన్నేళ్ళకు ఉలి, బరమా చేతికి వచ్చేవి. బాడిస చిట్టచివర. జాన, మూర, బార అన్న కొలతలు అతనికి తన దేహంలోనే ఉన్నవి. పన్నెండు అంగుళాలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అని అరుగుమీది పిల్లవాడు వల్లించేవాడు. ఒడ్డుమీది పిల్లవాడు చేయి చాచి కొలిచేవాడు. సముద్రపు లోతుకూ అదే బార. పాఠం ఒక్కటే, ఒకడు నోటితో నేర్చాడు, ఒకడు చేతితో నేర్చాడు.

కోరంగిలో రెండు బడులు

ఈ రెండు చదువులూ ఒకే ఊరి చరిత్రలో కనబడే చోటు కోరంగి. కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు తూర్పుతీరంలో పేరుమోసిన ఓడరేవు. ఇక్కడినుండి ఓడలెక్కి పోయిన తెలుగువారి మూలంగా బర్మాలో తెలుగువాడికి 'కొరంగీ' అనే పేరు స్థిరపడిపోయినది. 1802లో ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. గోదావరి ముఖద్వారపు తీరాలలో ఓడలు కట్టే పని అంతకంటె ఎంతో పాతది. పదిహేడవ శతాబ్దంలోనే నరసాపురంలో మంచి కలప, నేర్పరులైన ఓడవడ్రంగులు ఉన్నారని థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు వ్రాసి పెట్టాడు. ట్రింకోమలీలో ఓడల నిర్మాణాధికారిగా ఉన్న జాన్ ఎడ్యే 1834లో మన తీరపు పెద్ద దోనెను వర్ణించాడు. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, లోతు 12 అడుగులు. అంత పెద్ద ఓడను కట్టినవారి చేతిలో నమూనా చిత్రం ఒక్కటి లేదు.

కోరంగికి సముద్రమే శత్రువైనది. 1789 డిసెంబరులో తుపాను వచ్చి, ఒకదాని వెంట ఒకటి మూడు పెనుకెరటాలు ఊరిని ముంచివేసినవి. సుమారు 20 వేలమంది పోయినారని చెప్పుకొనే లెక్క. కలకత్తాలో ఉండి తుపానుల స్వభావాన్ని శోధించిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి తుపానును తన రచనలో పేర్కొన్నాడు. ఈనాడు లోకమంతా వాడుతున్న 'సైక్లోన్' అన్న మాటను కల్పించినవాడు ఆయనే. మళ్ళీ 1839 నవంబరులో మరొక ఉప్పెన. దానిపైన ఏటి ముఖాన ఇసుక మేటలు వేసినది. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట, దానివెంట కాలువలు వచ్చిన తర్వాత వ్యాపారం కాకినాడకు మళ్ళినది. కోరంగి చిన్న ఊరైపోయినది. ఓడపని దాపుననే ఉన్న తాళ్ళరేవుకు చేరి, అక్కడ చాలకాలం నిలిచినది.

ఆ చిన్న ఊరికే, 1870వ దశకపు తొలినాళ్ళలో, కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇంగ్లీషు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా వచ్చారు. 1874లో ధవళేశ్వరంలో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించడానికి ముందు ఆయన చేసిన ఉద్యోగాలలో ఇది ఒకటి. కోరంగి పేరు చెప్పగానే ఒకరికి ఓడలు, ఒకరికి తుపాను, ఒకరికి పంతులుగారు జ్ఞాపకం వస్తారు. మన సాహిత్య చరిత్రలో పంతులుగారి పేరు స్థిరంగా ఉన్నది, ఉండవలసినదే. ఆ ఊరిలో ఓడలు కట్టిన మేస్త్రీల పేర్లు మాత్రం మన పుస్తకాలకు ఎక్కలేదు. వారు వ్రాసుకోలేదు, వ్రాయగలవారు వారిని అడుగలేదు.

రెండు అచ్చులు

తెలుగులో అచ్చు అన్న మాటకు అర్థాలు చాల ఉన్నవి. అక్షరాలలో అచ్చులున్నవి, బెల్లానికీ ఇటుకకూ అచ్చులున్నవి, పుస్తకం అచ్చవుతుంది. మన రెండు బడుల కథ ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

వీధిబడి చివరిదశలో అచ్చుపుస్తకం వచ్చినది. పంతులుగారి నోట ఉన్న గుణింతాలు, ఎక్కాలు, కొలతలు, తిథులు, నీతి పద్యాలు బాలశిక్షలుగా, పెద్దబాలశిక్షలుగా అచ్చయినవి. తర్వాత దొరతనంవారి తరగతులు, పరీక్షలు, తనిఖీదార్లు వచ్చి వీధిబడిని క్రమంగా మింగివేసినా, దాని సరకు పోలేదు. పంతులుగారు పోయినా పెద్దబాలశిక్ష ఇంటింటా నిలిచినది. ఈనాడు కూడ దుకాణంలో అడిగితే దొరుకుతుంది. అచ్చు అక్కడ జ్ఞాపకానికి పెట్టె అయినది.

ఒడ్డుమీదికి అచ్చు చాల ఆలస్యంగా, వేరొక రూపంలో వచ్చినది. 1950వ దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు మన దేశపు తీరాలకు తగిన మరపడవల నమూనాలు గీశారు. పడవ మొదటిసారి కాగితంమీదికి వచ్చినది. 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత మత్స్య కార్యక్రమం ప్రారంభమై, రేవు లేని ఒడ్డుమీద దిగగల పడవలను తయారుచేసినది. ఆ పిమ్మట గాజునారతో చేసే ఫైబరు పడవలు వచ్చినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పడవలు కోల్పోయినవారికి సహాయంగా అందినవాటిలో చాల భాగం ఇవే. ఈనాడు తీరమంతటా కనిపించేవి ఎక్కువగా ఫైబరు పడవలే.

ఫైబరు పడవ చేసే తీరు ఇది. ముందు ఒక అచ్చు ఉంటుంది. ఆ అచ్చులో గాజునార పొరలు పరచి, పొరపొరకూ రసాయనపు జిగురు పట్టించి, గట్టిపడిన తర్వాత ఊడదీస్తారు. ఎన్ని పడవలైనా అదే వంపు, అదే వెడల్పు. వంపు ఎట్లా ఉండవలెనన్నది చేసేవాడికి తెలియనక్కరలేదు, అచ్చుకు తెలుసు. పుస్తకపు అచ్చు పంతులుగారి జ్ఞాపకాన్ని దాచినది. పడవ అచ్చు మేస్త్రీ జ్ఞాపకాన్ని అక్కరలేకుండా చేసినది. మొదటి అచ్చువల్ల బడి పోయినా చదువు నిలిచినది. రెండవ అచ్చువల్ల పడవ నిలిచినది, చదువు పోతున్నది.

ఇందులో ఫైబరు పడవ తప్పు ఏమీ లేదు. అది తేలికైనది, పురుగు పట్టదు, కుళ్ళదు, పలకలకోసం చెట్లు కొట్టనక్కరలేదు. మంచి కలప దొరకడమే దుర్లభమై, ధర అందరాకుండా పోయిన కాలంలో అది జాలరికి అన్నం పెట్టినది. తెప్పమీద తడిసి, ఎండి, నడుము విరిగిన తండేళ్ళను పాతరోజులే మేలని చెప్పమంటే చెప్పరు. పాత పడవను మళ్ళీ సముద్రంలో దింపమని కోరేవాడు సముద్రం ఎరుగనివాడు. మనం కోరదగినది వేరు. ఆ పడవను కట్టిన తెలివి ఉన్నదే, అది మాటల రూపంలోనైనా దక్కవలెను. పలక పలకకూ ఒక పేరుండేది. ముడి ముడికీ ఒక పేరుండేది. గాలికి, నీటివాలుకు, కెరటపు వరుసకు పేర్లుండేవి. పడవ మాత్రమే పోతే ఒక వస్తువు పోయినట్లు. పేర్లు కూడ పోతే తెలుగులో ఒక భాగం పోయినట్లు.

ఇప్పటివరకు మన పడవలను గూర్చి వ్రాసినవారు ఎవరో చూడండి. పదిహేడవ శతాబ్దంలో బౌరీ, 1834లో ఎడ్యే, 1920లో జేమ్స్ హార్నెల్. హార్నెల్ మద్రాసు మత్స్యశాఖలో పనిచేసి, భారతదేశపు పడవల ఆకారాలను పరిశీలించి, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ద్వారా ప్రకటించాడు. వారి శ్రద్ధకు కృతజ్ఞత చెప్పవలసినదే. కాని వారు వ్రాసినది ఇంగ్లీషులో, చూచిన కన్నుతో. కట్టినవాడి నోటిమాట వారి పుస్తకాలలో ఎంత వెదకినా స్వల్పంగానే దొరుకుతుంది.

బడికి వృత్తి రావలెను

బడిని, చేతిపనిని కలపవలెనన్న ఆలోచన మన దేశానికి క్రొత్త కాదు. 1937లో గాంధీమహాత్ముడు వార్ధాలో ప్రతిపాదించిన మౌలిక విద్య దానిమీదనే నిలిచినది. కాని కలిపే విధానంలోనే మంచిచెడ్డలున్నవి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఒక పథకం ప్రవేశపెట్టినది. గ్రామాలలోని ప్రాథమిక పాఠశాలలలో పిల్లవాడు రోజుకు మూడు గంటలు చదువుకొని, తక్కిన కాలం తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవలెనన్నది దాని సారాంశం. తీవ్రమైన వ్యతిరేకత వచ్చి, 1954లో కామరాజు ప్రభుత్వం దానిని రద్దుచేసినది. వ్యతిరేకించినవారి వాదం న్యాయమైనదే. జాలరి కొడుకును సగంపూట ఒడ్డుకు పంపడమంటే వాడు జాలరిగానే ఉండవలెనని ముందుగానే తీర్పు చెప్పడం. అక్షరం కోసం తరతరాలు ఎదురుచూచినవాడికి అరుగు దగ్గరకు రాగానే వెనుకకు పొమ్మని చెప్పడం.

ఆ అనుభవంనుండి మనం తీయవలసిన పాఠం ఒకటి ఉన్నది. పిల్లవాడిని వృత్తికి పంపరాదు. వృత్తిలోని జ్ఞానాన్ని బడికి రప్పించవలెను. అది జాలరి పిల్లవాడికి మాత్రమే గాక, ప్రక్కన కూర్చున్న కరణంగారి మనుమరాలికి కూడ పాఠం కావలెను. తెప్ప ఎందుకు మునగదో చెప్పడం భౌతికశాస్త్రం. కుట్టుపడవ కెరటానికి ఎందుకు పగలదో చెప్పడం కూడ అదే. కాకినాడ నావకు అడుగు చదునుగా ఎందుకున్నదో చెప్పడం భూగోళం. కోరంగి ఎట్లా పెరిగి ఎట్లా తగ్గినదో చెప్పడం చరిత్ర. బారలను అడుగులుగా, అడుగులను మీటర్లుగా మార్చడం గణితం. ఇందులో ఒక్క పాఠానికీ పాఠ్యప్రణాళికను మార్చనక్కరలేదు. ఉదాహరణను మార్చితే చాలును.

దీనికి మార్గం చూపినవాడు మన ఉపాధ్యాయులలోనే ఒకరున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించారు. ఆ చుట్టుప్రక్కల కొండలలో ఉండే సవరల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. అది నేర్చుకొమ్మని ఆయనను ఎవరూ ఆజ్ఞాపించలేదు. సవరలను ఇంటికి పిలిపించుకొని, వారి నోటనుండి మాటలు విని, వ్రాసుకొని, వారికోసం బడులు పెట్టి, వాచకాలు రచించారు. 1931లో ఆ భాష వ్యాకరణాన్ని ప్రకటించారు. పండితుడు నేర్పడం అందరికీ తెలుసు. చదువురానివాడి దగ్గర పండితుడు కూర్చొని నేర్చుకొనడం ఆయన చేసి చూపారు. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వ్యవసాయానికి, 1971లో చేనేతకు సంబంధించిన మాండలిక వృత్తిపదకోశాలు వెలువడినవి. రైతునోటి మాట, సాలెనోటి మాట నిఘంటువులో చోటు సంపాదించుకొన్నవి. ఆ దారి ఒడ్డుదాకా పోవలసి ఉన్నది. ప్రతి ఊరికీ దాని పదాలు వేరు కాబట్టి, దానిని ఊరూరా ఎవరికివారే చేయవలెను.

తీరపు ఊళ్ళలో పనిచేసే ఉపాధ్యాయులకు ఇది పెద్ద భారమేమీ కాదు. విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఒక్కొక్క పెద్దమనిషి దగ్గరకు పోవలెను. కొయ్యపని మానేసి ఇంటిపట్టున ఉన్న మేస్త్రీలు, వలలు బాగుచేసుకొంటూ కూర్చొనే సరంగులు, చేపలు అమ్మి సంసారాలు ఈదిన అవ్వలు ఇంకా ఉన్నారు. ఏ కొయ్య వాడేవారు, ఎక్కడినుండి తెచ్చేవారు, ఎన్ని బారల పడవకు ఎంత వెడల్పు, సందులు ఎట్లా పూడ్చేవారు, పడవ మొదటిసారి నీటిలో దింపిననాడు గంగమ్మకు ఏమి చేసేవారు—ఇవి అడగవలెను. విన్న మాటను పుస్తకపు తెలుగులోకి దిద్దకుండా, చెప్పిన ఉచ్చారణతోనే వ్రాసుకోవలెను. పడవ పాడుబడి ఒడ్డున పడి ఉంటే కొలిచి బొమ్మ గీయవలెను. చెప్పినవారి సమ్మతితో వారి పేరు, ఊరు, తేదీ క్రింద వ్రాసి, ఆ నోటుపుస్తకాన్ని పాఠశాల గ్రంథాలయంలో ఉంచవలెను. ఒక్క సంవత్సరంలో ఒక్క బడి ముప్పై మాటలు చేర్చినా అది తెలుగుకు నికరమైన లాభం. వీలైతే ఆ పెద్దమనిషిని ఒకపూట బడికి పిలిచి, ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించవలెను. ఏ బడి అరుగు ఎక్కడానికి తన చిన్ననాట వీలు కాలేదో, అదే బడిలో తాను చెప్పగా పిల్లలు వ్రాసుకోవడం ఆయన చూడవలెను.

తాడు పేనడం చూపడానికి చేతులుండవలెను. ఆ చేతులకు ఇప్పుడు వయస్సు మీరినది. ఈ పనికి ప్రభుత్వపు ఉత్తర్వుకోసం గాని, నిధులకోసం గాని కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. నోటుపుస్తకం, కలం, కొలిచే టేపు, వినే ఓపిక ఉంటే చాలును. రానున్న సెలవులలో ఈ పని మొదలుపెట్టవచ్చును.